ఎంత దూరమో అంత ఆకాశం

కోదండం జీవితంలో మొట్టమొదటి గెలుపు ఏదంటే, ఒక కొండను వెనక్కి పంపడం. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద మెట్రో స్తంభాలు లేని రోజుల నాటి మాట. చక్రపాణి అనే గుంటూరు ఆయన అక్కడ ఫొటో స్టూడియో తెరిచి, పెళ్లిజంటల వెనకాల కట్టడానికి ఒక అడవి పరదా కావాలన్నాడు. కోదండం అప్పటికి దుకాణాలకు బోర్డులు రాసుకునే మనిషి. పోచంపల్లి నుంచి వచ్చినవాడు, ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివినవాడు, చేతిలో కుంచె తప్ప వేరే సిఫారసు లేనివాడు. ఏముందిలే అని గుడ్డ బిగించి, కొండ వేసి, కొండ మీద చెట్లు నాటి ఇచ్చాడు.

చక్రపాణి చాలాసేపు చూశాడు. చూసి, తన గుంటూరు వైపు మర్యాదతోనే అన్నాడు: "కోదండం గారూ, మీ కొండ వచ్చి పెళ్లికూతురి నెత్తిన కూచుందండి. కాస్త దింపుతారా?"

చెరిపి మళ్లీ వేశాడు. కొండ చిన్నదైంది గానీ వెనక్కి పోలేదు, దండెం మీద ఆరేసిన పచ్చ దుప్పటిలా ఉంది. మూడోసారి పట్టుదల కొద్దీ ఆకు ఆకూ వేశాడు. ఆకులన్నీ కనబడ్డాయి, అడవే కనబడలేదు. ఇక చక్రపాణి మరింత మర్యాదగా, ఇంకొకరిని చూసుకుంటానండి అన్నాడు. ఆ మర్యాద తిట్టుకన్నా ఎక్కువ తగిలి కోదండం బస్సెక్కి పోచంపల్లి పోయాడు.

ఇంటి ముందర నాయిన చిటికి కడుతున్నాడు. చిటికి అంటే, నూలు పోగుల మీద రంగు పట్టకూడని చోట రబ్బరు పట్టీతో గట్టిగా చుట్టి రంగులో ముంచడం. లేత రంగులో ముందు ముంచుతారు. ఆ లేతదనం ఎక్కడ నిలవాలో అక్కడ కట్టేసి, మిగతాదాన్ని ముదురు రంగులో ముంచుతారు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న పనే. ఆ రోజు మాత్రం కొత్తగా చూశాడు. ముదురు ముందు ముంచితే ఏమైతది నాయినా అని అడిగాడు. "ఏమైతది, లేత సచ్చిపోతది" అన్నాడు నాయిన, తల ఎత్తకుండానే.

కోదండం తిరిగొచ్చి చక్రపాణి దగ్గర మరొక్క అవకాశం అడుక్కున్నాడు. గుడ్డ మొత్తం మీద, కింది అంచు దాకా, ముందు ఆకాశం పూశాడు. పొడి రంగు బంకలో కలిపిన ఆ ఆకాశం కుండ పారేయకుండా పక్కన పెట్టుకున్నాడు. అన్నిటికన్నా దూరపు కొండకు దాదాపు అంతా ఆ కుండలోని రంగే, దాంట్లో ఆకుపచ్చ వాసన తగిలించినంతే. దాని ముందరి కొండకు ఆకాశం కొంచెం తగ్గించాడు. దాని ముందరి చెట్ల వరసకు ఇంకా తగ్గించాడు. ముందుకొచ్చి నిలబడ్డ పెద్ద చెట్టుకు ఆకాశం చుక్క కూడా ఇవ్వలేదు. ఆ చెట్టు లోపల మాత్రం లెక్క తిరగేశాడు. ముందు నీడంతా ముద్దగా అద్ది, దాని మీద నడిమి పచ్చ, అన్నిటికన్నా పైన ఎండ తగిలే నాలుగు ఆకులు. ఆకుల కన్నా ఆకుల నడుమ సందులే శ్రద్ధగా వేశాడు. గోనెగుడ్డ ముక్క, అరిగిన పీచు కుంచె, ఇవే పనిముట్లు.

చక్రపాణి వచ్చి స్టూలు లాక్కుని పరదా ముందర కూర్చున్నాడు. "ఈ కొండకి వెళ్లాలంటే అన్నం మూట కట్టుకుని బయల్దేరాలండీ" అన్నాడు.

ఈ మాటను కోదండం నలభై ఏళ్లు మోశాడు. బస్సులో పక్క సీటు మనిషికి చెప్పాడు, కొత్తపేటలో కూరగాయలమ్మకు చెప్పాడు, దవాఖానలో చెయ్యి చూపించుకుంటూ డాక్టరుకూ చెప్పాడు. ఆ తర్వాత వరసగా తన పనులు చదువుతాడు. మలక్‌పేట నుంచి హయత్‌నగర్ దాకా తన పరదా ముందు నిలబడి ఫొటో దిగని పెళ్లికూతురు లేదు. నల్గొండ పల్లెల్లో చిరుతల రామాయణం ఆట ఆడే మేళాలు ఎన్నున్నాయో అన్నిటికీ అడవి తనదే, రాముడు ఎన్నిసార్లు వనవాసం పోయినా తన అడవికే పోవాలి. అబ్దుల్లాపూర్‌మెట్ అవతల సినిమావాళ్ల దగ్గర ఆకాశం వేస్తే, పైరాష్ట్రం నుంచి వచ్చిన మేస్త్రి కూడా ఇది ఎవరి చెయ్యి అని అడిగాడు. ఆయన ఊపిరి తీసుకునేలోపు భార్య వజ్రమ్మ అందుకునేది: "అల్మాస్‌గూడ బడి గోడ మర్శిపోతున్నవ్, అది గూడ చెప్పు. అక్కడ్నే గదా చెయ్యి ఇరిగింది."

అది నిజం. పోయినేడు ఆ బడి గోడకు మామిడితోట వేస్తూ మంచె పలక మీది నుంచి పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. అతుక్కుంది, పని కూడా చేస్తోంది, కొంచెం వణుకు మాత్రం మిగిలింది. ఆకులు వేసేవాడికి ఆ మాత్రం వణుకు మేలే అని కోదండం నవ్వాడు. వజ్రమ్మ నవ్వలేదు.

ఆయన పరదాలన్నిటిలో ఒక రహస్యం ఉంది. నాయిన నేసిన ప్రతి చీరలో కొంగు మూల ఒక చిటికి కావాలని తప్పు కట్టేవాడు, నిండు పనికి దిష్టి తగులుతుందని. కోదండం ఆ పద్ధతిని అడవిలోకి తెచ్చుకున్నాడు. అన్నిటికన్నా దూరపు కొండ మీద, లేత నీలం చెట్ల వరసలో, ఒక్క చెట్టుకు ఆకాశం కలపకుండా పచ్చి ఆకుపచ్చ పెడతాడు. దూరంలో ఉండి దగ్గరి రంగు కట్టుకున్న చెట్టు. చూసేవాళ్ల కంటికి ఆనదు. ఎన్నడూ పరదా మీద పేరు రాయలేదు, మగ్గం మీద చీరకు పేరు రాసేవాడెవడు. ఆ దిష్టి చెట్టే ఆయన పేరు.

ఆ చెట్టు సంగతి తెలిసింది ఇద్దరికే. ఒకరు వజ్రమ్మ. రెండో మనిషి నరేష్‌కుమార్, కోదండం చెల్లెలి కొడుకు. తల్లి పోతే ఈ ఇంట్లోనే పెరిగాడు, ఆకాశం కుండ కలపడం ఈ ఇంట్లోనే నేర్చాడు. ఫ్లెక్సీలొచ్చి పరదాల కాలం మూతపడ్డాక ఎల్బీ నగర్ చౌరస్తా దగ్గర ప్రింటింగ్ మిషన్ పెట్టుకున్నాడు. గోడలకు అతికించే పెద్ద పెద్ద బొమ్మలు అచ్చు వేస్తాడు. మామకు కోపం రాలేదు. మా వాని మిషన్‌కు కూడా నేను నేర్పిన కన్నే ఉంది అని, ఆ దుకాణాన్ని కూడా తన పనుల వరసలో కలుపుకున్నాడు.

అందుకే పోయిన ఎండాకాలం నరేష్‌కుమార్ ఆ కబురు తెచ్చినప్పుడు కోదండం ముఖం వెలిగిపోయింది. పట్టాభి అనే ఆసామి ఎల్బీ నగర్ అవతల కొత్త ఫంక్షన్ హాలు కడుతున్నాడు. పెళ్లి వేదిక వెనక గోడ ఈ కొస నుంచి ఆ కొసకు, రెండంతస్తుల ఎత్తు. దాని మీద చేత్తో వేసిన అడవి కావాలట. అంత గోడ కోదండానికి ఎన్నడూ దొరకలేదు. పరదాలు చుట్టి పెడతారు, చిరుగుతాయి, ఎలుకలు కొడతాయి. సినిమా ఆకాశాలను పని కాగానే తెల్లసున్నం కొట్టేస్తారు. నిలిచిపోయే గోడ ఒక్కటి, దాని మీద ఏడు వరసల అడవి, ఇది వేస్తే ఇక కుంచె కడిగి పెట్టేస్తానన్నాడు.

వానకాలం మొదట్లో ఇంట్లో గుడ్డ మీద నమూనా వేశాడు. గోడ మీద వేయబోయేదంతా చిన్న కొలతలో వేశాడు. ఎడమ పక్క మెడ విరిగిన తాడిచెట్టు, నడుమ వంక తిరిగిన వాగు, పొగమంచులో కరిగిపోయే కొండలు. చివరన దిష్టి చెట్టు. నరేష్‌కుమార్ వచ్చి దాన్ని చుట్టి పట్టుకుపోయాడు, పట్టాభికి చూపిస్తానని. తర్వాత అడిగితే శ్రావణం పెళ్లిళ్లయ్యాక అన్నాడు. శ్రావణం అయ్యాక అడిగితే గోడకు చెమ్మ ఉందన్నాడు. కోదండం రోజూ పొద్దున రబ్బరు బంతి పిసుకుతూ చేతికి సత్తువ తెచ్చుకున్నాడు. ఈ నడుమ చిరుతల మేళం గురువు మట్టయ్య నారాయణపురం దిక్కు నుంచి వచ్చి, పాత అడవి చీకిపోయింది, కొత్తది వేసిపెట్టన్నా అని బతిమాలితే, గోడ పనుంది, నాకు తీరదు పొమ్మన్నాడు.

కార్తీకంలో పైవాటాలో ఉండే మాలతి పెళ్లిపత్రిక ఇచ్చింది. చీరలకు ఫాల్ కుట్టే అమ్మాయి, కోదండాన్ని అన్నా అని, వజ్రమ్మను వదినా అని పిలుస్తుంది. వాళ్ల అక్క కొడుకు పెళ్లి. పత్రిక మీద హాలు పేరు చూసి కోదండం మురిసిపోయాడు. "మాలతమ్మా, గదే నా గోడున్న హాలు. రా, ఎక్కడ ఏ కొండొస్తదో సూపిస్త."

పెళ్లి పొద్దున వజ్రమ్మకు మోకాలు నొప్పి మొదలైంది. ముందు తాను రానంది. తర్వాత నువ్వూ పోకు అంది. అంత ఎండల ఆటో దొరకదంది, ఆ హాల్ల భోజనం మంచిగుండదంది. ఇన్నేళ్లలో పెళ్లిభోజనానికి ఆమె వంక పెట్టడం కోదండం మొదటిసారి విన్నాడు. నవ్వి, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు. ఆమె చివరి నిమిషంలో చెప్పులేసుకుని వెనకాలే వచ్చింది.

హాల్లోకి అడుగుపెట్టగానే ఆయనకు కనిపించింది అడవి.

మొదట కలిగింది సంతోషమే. కొండలు ఎంత వెనక్కి పోయాయో. పీటల మీది జంట వెనక ఒక్కొక్క వరసా లేతబడుతూ, చివరి వరస ఉందో లేదో తెలియకుండా కరిగిపోయింది. ఎవరిదో గానీ చెయ్యి గొప్పది అనుకున్నాడు. ఆ తర్వాత ఎడమ పక్క మెడ విరిగిన తాడిచెట్టు కనిపించింది. వాగు వంక తిరిగిన చోట గట్టు మీద సన్నటి గీత కనిపించింది. వానకాలంలో అక్కడ కుంచె వెంట్రుక ఊడి రంగులో అంటుకుపోతే తీయకుండా వదిలేశాడు. ఆ వెంట్రుక ఇప్పుడు మోకు లావున ఉంది.

కోదండం కళ్లు వాటంతటవే చివరి కొండ మీదికి పోయాయి. కుడి నుంచి ఎడమకు వెతికాడు, ఎడమ నుంచి కుడికి వెతికాడు. చెట్లన్నీ లేత నీలంగా బుద్ధిగా నిలబడ్డాయి. పచ్చ చెట్టు లేదు.

అక్షింతలు వేసేవాళ్ల వరసలో పడి వేదిక ఎక్కాడు. దీవించడానికి వచ్చాడనుకుని ఎవరో గుప్పిట్లో అక్షింతలు పోశారు. పోశారు గనుక జంట మీద చల్లాడు. అదే చేత్తో వెనక గోడను తాకి చూశాడు. నున్నగా, చల్లగా ప్లాస్టిక్. "తాతా, జర ఇటు సూడు" అన్నాడు కెమెరా పట్టుకున్నవాడు. కోదండం చూశాడు. పక్కన వజ్రమ్మ కూడా నిలబడింది గానీ ఆమె కెమెరా వైపు చూడలేదు, గోడ వైపూ చూడలేదు. ఎన్ని వందల మందికి ఫొటోల్లో వెనకాల అడవిగా నిలబడ్డాడో, ఇప్పుడు తన అడవి ముందు తాను నిలబడ్డాడు.

భోజనాల దగ్గర పట్టాభి స్వయంగా అందరినీ పలకరిస్తున్నాడు. మాలతి గోడ బాగుందంటే పొంగిపోయాడు. "మన నరేష్ అని పిలగాడు, కంప్యూటర్ మీద సొంతంగ తయారు చేసిండమ్మా. ముందైతే ఎవరో పాత పెయింటర్‌తోని గోడ మీదనే ఏపిద్దామన్నడు. గాయినకు చెయ్యి పడిపోయిందంట పాపం, కుంచె గూడ పట్టలేడంట."

కోదండం చెయ్యి కలిపిన అన్నం మీద ఉంది. అది వణికింది. ఎప్పుడూ వణికేంతే వణికింది, కానీ ఆ చేతిని విస్తరి కిందికి తీసుకున్నాడు. ఆ పాత పెయింటర్ నేనే అని చెప్పొచ్చు. మలక్‌పేట నుంచి హయత్‌నగర్ దాకా మొదలుపెట్టి అంతా చదవొచ్చు. బస్సులో ముక్కూముఖం తెలియనివాళ్లకు చెప్పిన మాటలు, చెప్పవలసిన ఒక్క చోట బయటికి రాలేదు.

కబురు పెడితే నరేష్‌కుమార్ సాయంత్రానికి ఇంటికొచ్చాడు. తప్పు కప్పిపుచ్చాలనే ఉద్దేశంతో రాలేదు, అన్నీ ఒప్పుకోవాలనే వచ్చినట్టున్నాడు. గోడ ఎత్తు చూశానన్నాడు, కర్రల మంచె మీద మామను ఊహించుకుంటే భయమైందన్నాడు. వద్దంటే మామ వినడు గనుక నమూనాను స్కాన్ చేసి పెద్దగా అచ్చు వేశానన్నాడు. తర్వాత మెల్లగా చెబుదామనుకుంటే రోజులు గడిచాయట. కింద మూలకు మామ పేరు అచ్చు వేసి రేపే అతికిస్తానన్నాడు.

"పేరా?" అన్నాడు కోదండం. "నేనెన్నడన్న పేరు రాసిన్నారా? చెట్టెందుకు తీసినవ్, గది చెప్పు."

నరేష్‌కుమార్ తల దించుకున్నాడు. "గంత పెద్దగ చేస్తే ఆ చెట్టు కొట్టొచ్చినట్టు కనబడుతున్నది మామా. ఓనరు చూసి ప్రింట్ల తప్పున్నదని వాపస్ చేస్తడేమోనని... పక్క చెట్టు రంగు దానికి పూసిన."

"దిష్టి చెట్టని ఎర్కుండి పూసినవా, ఎర్క లేక పూసినవా?"

"ఎర్కుండే."

"మరి చెయ్యి పడిపోయిందని ఎందుకన్నవ్?"

నరేష్‌కుమార్ అత్త వైపు చూశాడు. ఆ ఒక్క చూపుతో కోదండానికి పొద్దుటి మోకాలు నొప్పి అర్థమైంది, హాలు భోజనం ఎందుకు బాగుండదో అర్థమైంది.

వజ్రమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. "వాన్నేమనకు. నేనే అనమన్న" అంది. "గట్లంటే తప్ప పట్టాభి నిన్ను అడుగుడు మానడు, నువ్వు గోడెక్కుడు మానవ్. పలక మీదికెల్లి పడ్డనాడు నిన్ను ఆటోల ఏసుకొని పోయింది నేను. నీకు గోడ కావాలె, నాకు మనిషి కావాలె."

కోదండం ఆమెతో దెబ్బలాడలేదు. నమూనా మాత్రం తిరిగి ఇమ్మని అడిగాడు. నరేష్‌కుమార్ బండిలోంచి తెచ్చిచ్చాడు. విప్పి చూస్తే చివరి కొండ మీద పచ్చ చెట్టు నిక్షేపంగా ఉంది. కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. నాయిన వేలితో కట్టిన తప్పు, తన వేలితో పెట్టిన తప్పు, మూడో తరం చేతికి వచ్చేసరికి దిద్దవలసిన తప్పు అయింది. పడతానని భయపడడం ఒకటి, చెయ్యి చచ్చిందని ఊరికి చెప్పడం ఒకటి. ఆ రెండోది ఆయనకు మింగుడు పడలేదు. అది చెప్పింది పరాయివాళ్లయితే ఎల్బీ నగర్ చౌరస్తాలో నిలబెట్టి అడిగేవాడు. ఇంట్లోవాళ్లను ఎక్కడ నిలబెట్టి అడగాలో తెలియలేదు.

మరుసటి రోజు మట్టయ్యకు ఫోన్ చేశాడు. అడవి వేస్తున్నానన్నాడు. గుడ్డ తెచ్చి పెట్టమన్నాడు, బంక ఉడికించడానికి కట్టెల పొయ్యి కావాలన్నాడు. మేళం ధనుర్మాసానికి ముందే ఆట ఆడాలనుకుంటోంది, వెంటనే రమ్మని మట్టయ్య సంబరపడ్డాడు. ఏదో ఒక పరదా అన్నా, ఒక్క కొండ చాలు అన్నాడు. ఏడు వరసలు వేస్తా అన్నాడు కోదండం.

ఇంట్లో మాటలు బందయ్యాయి. వజ్రమ్మ అన్నం పెట్టేది, ఆయన తినేవాడు, గిన్నె తోసిన చప్పుడే మారు వడ్డించమనడం. సంచిలో కుంచెలు, గోనెగుడ్డ ముక్కలు, పొడి రంగుల డబ్బాలు ఆయన సర్దుకుంటే, మఫ్లరు, బీపీ గోలీలు, నొప్పి తైలం సీసా ఆమె సర్దింది. ఎవరు పెట్టినవి వాళ్లే పెట్టారు, ఒకే సంచిలో పెట్టారు.

బయల్దేరే పొద్దున మాలతి కుట్టు మిషన్ ఆపి కిందికి వచ్చింది. సంగతంతా ఆమెకు అప్పటికే తెలుసు. ఆ హాలుకు తానే పిలిచానని నొచ్చుకుంటోంది. కోదండం చెప్పులేసుకుని గుమ్మం బయట నిలబడ్డాడు. వజ్రమ్మ గుమ్మం లోపల నిలబడింది. ఇద్దరి నడుమ మెట్టు మీద మాలతి.

"మాలతీ" అంది వజ్రమ్మ, "మీ అన్నకు చెప్పు. పరదా నేల మీద పర్శి ఎయ్యమను. నిచ్చెనలు, బల్లలు ఎక్కొద్దను."

మాలతి ఇటు తిరిగింది. ఏం చెప్పాలో తెలియక, విన్నావు కదన్నా అన్నట్టు చూసింది.

"మాలతమ్మా" అన్నాడు కోదండం, "మీ వదినకు చెప్పు. నేలమీదనే ఏస్త అను. పడిపోయిన చేత్తోనే ఏస్త అను. ఆఖరి కొండ మీద చెట్టు పెడ్త, దాని జోలికి ఎవ్వల్ని రానియ్య అను."

వజ్రమ్మ పైట చెంగుతో ముక్కు తుడుచుకుంది. "ఎప్పుడొస్తడో అడుగు."

కోదండం సంచి భుజానికెత్తుకున్నాడు. నాలుగడుగులు వేసి, సందు మలుపు దగ్గర ఆగి, తల తిప్పకుండా లెక్కేసుకున్నాడు. గుడ్డకు సుద్ద పూత పూసి ఆరబెట్టాలి. ఆకాశం కుండ కలపాలి. ఏడు వరసలు ఒకదాని తర్వాత ఒకటి, ఒకటి ఆరందే ఇంకొకటి ఎక్కదు. తర్వాత మొదటి ఆటకు ముందు వరసలో కూర్చుని, రాముడు ఆ అడవిలోకి నడిచి పోతుంటే కొండ వెనక్కి జరుగుతుందో లేదో కళ్లారా చూడాలి.

"మాలతమ్మా, చెప్పు" అన్నాడు. "ఆట అయినంక పొద్దుగాల బస్సెక్కుత. ఎల్బీ నగర్‌ల దిగేది డిసెంబర్ పద్నాలుగు, ఆదివారం."